జొన్నరొట్టె మొదలు జన్యువు దాక

ఒక పరిశోధనాలయము తన యింటి పిల్లలను, అనగా తన యందు పనిచేయు యువశాస్త్రజ్ఞులను, ఏ రీతిగా పెంచినదో తెలిసికొన గోరువాడు దాని ప్రారంభోత్సవ శిలాఫలకమును చదివి ప్రయోజనము లేదు. వార్షిక నివేదికలలోని ఛాయాచిత్రములను తిరుగవేసినను పూలదండల వైభవమే కనబడును గాని లోపలి సంగతి బయటపడదు. అట్టివాడు చూడవలసినది ఆ యాలయమునుండి వెలువడిన పరిశోధనపత్రముల శిరోభాగమున అచ్చుపడు పేర్ల వరుసను. ఎవరి పేరు ముందున్నది, పెద్దవాడు తన పేరును ఎచ్చట నిలుపుకొన్నాడు, పదేండ్ల క్రిందట నడుమ నెక్కడనో అణగియున్న చిన్నవాని పేరు నేడెంత దూరము ముందుకు వచ్చినది - ఈ మూడు ప్రశ్నలకు సమాధానము దొరికినచో ఆ యింటి సంప్రదాయము చాలవరకు దొరికినట్లే. అన్నకోశమును, ప్రేగులను, కాలేయమును, క్లోమమును గూర్చి ఈ జంటనగరముల ప్రాంతమున జరిగిన పరిశోధనల చరిత్రను నేనీ దృష్టితోనే చదువుచున్నాను.

సికింద్రాబాదుకు ఈశాన్యముగా దండుప్రాంతపు అంచున నున్న మా నేరేడ్‌మెట్ శాస్త్రచరిత్రలో స్వయముగా చోటు సంపాదించుకొన్న ఊరు కాదు. సైనికపురి, వాయుపురి, డిఫెన్స్ కాలనీ యను పేర్లే చెప్పుచున్నట్లు చుట్టుప్రక్కలంతయు సైన్యమును నమ్ముకొని పెరిగిన పేటలు. అయినను ఇచ్చటినుండి దక్షిణముగా మల్కాజిగిరి మీదుగా లాలాగూడ రైలు కార్ఖానాలను దాటి తార్నాకకు పోవు రెండు మూడు కోసుల దారిలో, అచ్చటినుండి మరికొంత తూర్పుగా హబ్సిగూడ వరకు నడచినచో, భారతదేశమున ఆహారమును జీర్ణక్రియను గూర్చి జరిగిన విచారణలో ముఖ్యమైన ఘట్టములు పెక్కింటిని దాటిపోయినట్లగును. పడమరగా బేగంపేట కలదు. కథ అచ్చటనే మొదలు పెట్టవలెను.

1806లో నిజాము సికందర్ జా పేర వెలసిన ఈ దండులో, ఆ శతాబ్దపు సైనిక శిబిరము లన్నింటను వలెనే, శత్రువు కంటె కడుపు ఎక్కువ భయంకరమైనది. కలరా, జిగట విరేచనములు, కాలేయమున చీముగడ్డలు - ఇవి నిత్యవ్యవహారములు. 1895లో 19వ మద్రాసు పదాతిదళపు వైద్యాధికారిగా సికింద్రాబాదుకు వచ్చిన రోనాల్డ్ రాస్ మలేరియాను గూర్చి పని యారంభించెనో లేదో, కలరాను అదుపు చేయుటకై ఆయనను బెంగుళూరికి పంపివేసిరి. తిరిగి వచ్చి, 1897 ఆగస్టు 20వ తేదీన, బేగంపేటలో, హుసేన్ ఖాన్ అను రోగిని కుట్టిన దోమను కోసి, దాని యన్నకోశపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూచెను. కావున ఈ జంటనగరములనుండి లోకప్రసిద్ధి కెక్కిన మొదటి యుదరము మనుష్యునిది కాదు, దోమది!

ఆ వేసవిలో రాస్ ఎట్లు పనిచేసెనో ఆయనయే వ్రాసికొన్నాడు. నుదుటి చెమటయు చేతుల చెమటయు కారి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టినవి. మిగిలిన యొక్క కంటియద్దమును పగిలియున్నది. పంకా లాగించుకొన్నచో కోసిపెట్టిన దోమలు ఎగిరిపోవును గనుక ఆ సుఖమును లేదు. కుట్టిన దోమ కొక యణా చొప్పున హుసేన్ ఖాన్‌కు ముట్టినది. డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన పత్రమున గ్రంథకర్తగా రాస్ పేరొక్కటియే. ఆయనకు గురువు లేకపోలేదు: లండనులో కూర్చుండి పాట్రిక్ మాన్సన్ నడిపిన యుత్తర ప్రత్యుత్తరములు నూటికి మించినవి. కాని గురువు సముద్రముల కావల నుండగా, ప్రక్కగదిలో చర్చించుటకు ఒక్కడును లేక చేసిన పని యది. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. సికింద్రాబాదులో మాత్రము ఆయన వెనుక ఒక శిష్యుడు గాని ఒక ప్రయోగశాల గాని మిగులలేదు. ఇందులో రాస్ తప్పేమియు లేదు. బదిలీల మీద బ్రతుకు సైనికవైద్యుడు సంప్రదాయమును ఎట్లు నిర్మింపగలడు?

సంప్రదాయము వేరొకచోట, నీలగిరులలో, ఒకే గదిలో పుట్టినది. 1918లో కూనూరు పాస్టర్ ఇన్‌స్టిట్యూటులో రాబర్ట్ మెక్కారిసన్ బెరిబెరి విచారణ యను పేర మొదలు పెట్టిన పని 1928 నాటికి న్యూట్రిషన్ రిసర్చ్ లేబొరేటరీస్ అయినది. మెక్కారిసన్‌కు ప్రేగులపై ప్రత్యేకాభిమానము. సత్తువ లేని తిండి పెట్టిన కోతుల ప్రేగులు ఏ రీతిగా పాడగుచున్నవో, దేశములోని వేర్వేరు ప్రాంతముల భోజనములు తినిపించిన యెలుకల ఉదరములలో ఏ మార్పులు వచ్చుచున్నవో ఆయన కోసి చూపెను. పొట్టలో పుండును కేవలము వంట యింటి కారము మీదికి నెట్టివేయు కాలములో, భోజనమున లేనిది కూడ రోగమునకు కారణము కాగలదని చెప్పుట చిన్న మాట కాదు.

ఈ కూనూరికే లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు వచ్చినది. బొంబాయి మిల్లు కూలీలైన గర్భిణుల రక్తహీనతను పరిశీలించుచు, జంతువులపై ప్రయోగములకు కూనూరును ఆశ్రయించి, 1931లో ఆమె తేల్చిన దేమనగా, బీరు తయారీలో మిగులు ఈస్టునుండి చేసిన మార్మైట్ అను చవుక సరకులో ఈ రక్తహీనతను నయము చేయు పదార్థ మేదియో కలదని. ఆ యేదియో ఏమన్నది తేలుటకు మరి పదునాలు గేండ్లు పట్టినది. తేల్చిన బృందమునకు నాయకుడు భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు.

ఇక్కడ కొంచెము ఆగవలెను; ఎందుకనగా ఉదరరోగము, యువశాస్త్రజ్ఞుల పోషణ, పేర్ల వరుస - ఈ మూడును ఒకే జీవితములో ఇంతగా పెనవేసికొన్న ఉదాహరణము మరొకటి నాకు కనబడదు. సుబ్బారావు సోదరు లిద్దరు స్వల్పవ్యవధిలో సంగ్రహణి వంటి రోగమునకు, పాశ్చాత్యవైద్యులు ట్రాపికల్ స్ప్రూ అను దానికి, బలియైరి. ఆయనకును అదియే పట్టుకొన్నది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బ్రతికి బయటపడి, మద్రాసు ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము శరీరశాస్త్రమును బోధించి, ఆ పిమ్మట హార్వర్డు చేరెను. అచ్చట సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించిన భాస్వర పరీక్షాపద్ధతి ఫిస్క్-సుబ్బారావు పద్ధతి యను పేర జీవరసాయనశాస్త్రపు విద్యార్థులకు చిరపరిచితము. మన కళాశాలల ప్రయోగశాలలలో నీలిరంగు తేలుటకై పరీక్షనాళికను వెలుతురులో పట్టుకొని నిలుచుండు పిల్లలలో ఎందరికి ఆ రెండవ పేరు భీమవరపు పేరని తెలియునో చెప్పలేను.

లెడర్లే యను మందుల కంపెనీలో పరిశోధనాధిపతియైన పిమ్మట సుబ్బారావు పద్ధతి మారినది. తాను బల్ల యొద్ద కూర్చుండి చేయుటకంటె, రసాయనజ్ఞుని, సూక్ష్మజీవిశాస్త్రజ్ఞుని, వైద్యుని ఒకచోట చేర్చి ఒక్కొక్కరికి ఒక్కొక్క ప్రశ్న నప్పగించుట ఆయన పని యైనది. 1945లో సైన్స్ పత్రికలో ఫోలిక్ ఆమ్లపు సంశ్లేషణను ప్రకటించిన పత్రమున పదహారుగురి పేర్లు కలవు. మొదటిది ఆయనది కాదు, చివరిదియు కాదు. నడుమ నొకచోట, వెదకి పట్టుకొనవలసినట్లు, సుబ్బారావని యున్నది. తన సోదరులను మ్రింగిన రోగమునకు మందుగా పనిచేసిన పదార్థము అది. ఆ సంగతి తెలిసినవానికి ఆ పేరున్న చోటు ఇంకొక తీరుగా కనబడును. కీర్తిని ఇంతగా పంచి యిచ్చుటవలన ఆయనకు లోకమున రావలసినంత పేరు రాలేదని విచారించువా రున్నారు. వారి విచారము న్యాయమే గాని, ఆ పంచుటయే లేనిచో ఫోలిక్ ఆమ్లము, ఆరియోమైసిన్, బోదకాలి మందైన హెట్రజాన్ ఇన్ని కొలది యేండ్లలో ఒకే గూటినుండి వచ్చి యుండునా యని నా సందేహము.

కూనూరు ప్రయోగశాల 1958లో కొండ దిగి హైదరాబాదుకు, తార్నాకకు వచ్చినది. చల్లని కొండమీద ఎలుకలకు సుఖమే గాని, మనుష్యుల రోగములను మనుష్యులయందే చూడవలె నన్నచో పెద్ద ఆసుపత్రి కావలెను. ఇచ్చట మూసీ యొడ్డున ఉస్మానియా ఆసుపత్రియు, పసిపిల్లలకు నీలోఫర్ ఆసుపత్రియు ఉన్నవి. 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు వచ్చినది. దీనికి రూపము నిచ్చిన డాక్టరు సి. గోపాలన్, చిత్రముగా, ఆ సంస్థ పుట్టిన 1918లోనే పుట్టి, నూరేండ్లు నిండిన పిమ్మట 2019లో గతించిరి.

ఉస్మానియా ఆసుపత్రిలో ఈ పరిశోధకులకు ఎదురుపడిన రోగము పెల్లగ్రా. ఎండ తగులు చోట్ల, మెడ చుట్టు హారము వేసినట్లును, ముంజేతుల మీదను, పాదముల మీదను చర్మము నల్లబడి పొలుసులు రేగును. నాలుక ఎఱ్ఱగా వాచి మండును. విరేచనములు పట్టుకొని విడువవు. తుదకు మతి చలించును. ఐరోపా అమెరికాలలో ఇది మొక్కజొన్న తినువారి రోగము. అమెరికా దక్షిణ రాష్ట్రములలో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ ఇది అంటురోగము కాదు, దరిద్రపు భోజనపు రోగమని నిరూపించెను. పిమ్మట నయాసిన్ లోపమని తేలినది. కాని తెలంగాణపు మెట్టపొలములనుండి వచ్చిన యీ కూలీలు మొక్కజొన్న తినువారు కారు. వారి తిండి జొన్నరొట్టె, జొన్నసంకటి. జొన్నలో నయాసిన్ గాని, దేహము నయాసిన్‌గా మార్చుకొను ట్రిప్టోఫాన్ గాని అంత తక్కువ లేదు. మరి రోగ మేల వచ్చెను?

ఈ ప్రశ్నతో ఒక యువవైద్యుడు మొదట నేర్చుకొను పని సిద్ధాంతము కాదు, తూకము. జీవక్రియలను పరిశీలించు వార్డులో రోగికి పెట్టిన ప్రతి రొట్టెను తూచవలెను. తినక విడిచిన తునుకను తిరిగి తూచవలెను. ఇరువదినాలుగు గంటల మూత్రమును ఒక్క బొట్టు పోకుండ సీసాలో పట్టి, నయాసిన్ దేహములో ఏమైనదో తెలుపు పదార్థములను అందులో కొలువవలెను. రాత్రి రోగి నిద్రమత్తులో బయటకు పోయి వచ్చినచో ఆ దినపు లెక్క చెడును. కనుక వార్డు బాయీతోను, నర్సుతోను, రోగి యింటివారితోను సఖ్యము లేనివాడు పరిశోధకుడు కాజాలడు. పుస్తకములో లేని యీ విద్య ప్రక్కన నిలుచుండి చూచినవానికే వచ్చును.

1960లో లాన్సెట్ పత్రికలో గోపాలన్, ఎస్. జి. శ్రీకంఠయ్యగార్ల రెండు పేర్లతో ఒక పత్రము వెలువడినది: జొన్నలో లూసిన్ అను అమినో ఆమ్లము అధికముగా నుండి, ట్రిప్టోఫాన్, నయాసిన్‌ల వినియోగమునకు అడ్డు తగులుచున్నదని వారి వాదము. లోపము కాదు, అసమతౌల్యము; ఉన్నది చాలకపోవుట కాదు, ఒకటి మరొకదానిని పని చేయనీయకపోవుట. 1967లో గాస్ట్రోఎంటరాలజీ యను అమెరికా పత్రికలో, లూసిన్ కలిపిన యాహారము తిన్న కుక్కపిల్లలకు, పెల్లగ్రాకు సమానమైన నల్లనాలుక రోగము వచ్చినదని చూపిన పత్రమున మొదటి పేరు భవాని బెళవాడి యను శాస్త్రజ్ఞురాలిది. గోపాలన్ పేరు చివర.

నాకు అంతకంటె ముఖ్యముగా తోచునది 1976 నాటి పత్రము. అప్పటికి ఈ సిద్ధాంతమును విదేశపు ప్రయోగశాలలు కొన్ని శంకించుచున్నవి. సంస్థలోని వారే, కమలా కృష్ణస్వామిగారు మొదటి పేరుగా, బి6 విటమిను ఇచ్చినచో లూసిన్ వలన దేహమున కలుగు మార్పులు సరిపడుచున్నవని మనుష్యులయందు పరీక్షించి చూపిరి. అనగా లూసిన్ ఒక్కటియే దోషి కాదు, రోగి యందు బి6 ఎంత యున్నది యన్నది కూడ లెక్కించవలె ననుట. మొదటి సిద్ధాంతమును ఇది కూల్చలేదు గాని, దానికి ఒక షరతు తగిలించినది. ఆ పత్రమున చివరి పేరు శ్రీకంఠయ్యగారిది! పదునా రేండ్ల క్రిందట తాను చెప్పినదానిని సవరించు పనికి తానే దాపుగా నిలిచి, ముందుచోటును చిన్నవారి కిచ్చిన పెద్దమనుష్యుడు ఆయన. కమలా కృష్ణస్వామిగారు తరువాతి కాలమున ఆ సంస్థకే డైరెక్టరైరి. అంతకు ముందు పసిపిల్లల పోషణలోను, ఎ విటమిను లోపములోను పేరు గాంచిన వినోదినీ రెడ్డిగారు ఆ పదవి నలంకరించిరి. గోపాలన్ ప్రోత్సాహమున 1960లలో తార్నాకలోనే న్యూట్రిషన్ సొసైటీ ఆఫ్ ఇండియా వెలసి, దేశములోని చిన్న కళాశాలల పిల్లలు సైతము ఏటేట తమ పనిని పెద్దల యెదుట చదివి, ప్రశ్నలకు తట్టుకొని నిలుచు వేదిక యైనది. ప్రశ్నకు చెమటలు పట్టని శాస్త్రజ్ఞుడు ముదిరినవాడు కాడని నా నమ్మకము.

పెల్లగ్రా మాత్రము, పండితుల వివాదము తీరకముందే, తానే తొలగిపోయినది. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యము పేదల గిన్నెలలో జొన్నను వెనుకకు నెట్టినది. ఇప్పుడా రోగిని చూడని వైద్యవిద్యార్థులే యెక్కువ. జొన్నరొట్టె నేడు నగరములోని కలవారి భోజనశాలలలో ఆరోగ్యము పేర అధిక వెలకు అమ్ముడుపోవుచున్నది.

ఉదరవైద్యము ప్రత్యేకశాస్త్రముగా ఈ నగరమున వేళ్లూనుటకు ఉస్మానియా వైద్యకళాశాలలో డాక్టరు సి. ఎం. హబీబుల్లాగారి శిష్యసంఘము కారణము. 1994లో ఆయనయు సహచరులును, ఉన్నట్టుండి కాలేయము చెడిపోయి స్మృతి తప్పిన రోగులకు గర్భస్థశిశువుల కాలేయకణములను కడుపులోనికి ఎక్కించిన ప్రయోగమును ప్రకటించిరి. సాహసమే గాని, అందరును ఒప్పుకొన్న చికిత్సగా అది నిలువలేదు. అయినను కంచన్‌బాగ్‌లోని దక్కను వైద్యకళాశాలలో ఆయన స్థాపించిన కాలేయ పరిశోధనాకేంద్రమున కణములను పెంచుట, జన్యువులను చదువుట నేర్చిన యువకులు కొందరు నిలిచిరి. ఇంచుమించు ఆ కాలముననే ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరపు కథ లోక మంతట వ్యాపించుచుండెను: పరిశోధనకు విషయము వెదకికొనుచు వచ్చిన బారీ మార్షల్ అను శిక్షణార్థికి రాబిన్ వారెన్ అను పెద్ద రోగనిర్ణయశాస్త్రజ్ఞుడు తన సూక్ష్మదర్శినిలో అన్నకోశపు వంకర క్రిములను చూపెను, 1984లో లాన్సెట్‌లో వెలువడిన పత్రమున శిక్షణార్థి పేరే ముందు, 2005లో నోబెల్ ఇద్దరికిని.

1990లలో సోమాజిగూడలో డాక్టరు డి. నాగేశ్వరరెడ్డిగారు, శస్త్రవైద్యుడు జి. వి. రావుగారు మొదలైన వారు నెలకొల్పిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీ ప్రధానముగా చికిత్సాలయము. ఎండోస్కోపీ నేర్చుకొనుటకు దేశవిదేశముల వైద్యులు అచ్చటికి వచ్చుచుందురు. నాగేశ్వరరెడ్డిగారు విశాఖపట్టణమున జన్మించి, కర్నూలులో వైద్యము చదివి, మద్రాసు, చండీగఢ్‌లలో పై చదువులు ముగించినవారు. వారికి 2025లో పద్మవిభూషణ్ వచ్చినది. ఎండోస్కోపీ గదిలో గురువు చేతి మెలకువ శిష్యునికి తెరమీద కనబడును. ఒకేసారి పదిమంది చూడవచ్చును. ఇది పూర్వపు శస్త్రవైద్యులకు లేని వసతి. కాని నా ప్రకరణమునకు కావలసినది తెర కాదు, అచ్చటినుండి హబ్సిగూడకు ప్రయాణము చేసిన రక్తము.

క్లోమగ్రంథిలో రాళ్లు పుట్టి, కడుపునొప్పితో యౌవనముననే మనిషి కృశించి, పిమ్మట మధుమేహము వచ్చు రోగము దక్షిణదేశమున కలదు. కేరళములో ఇది యెక్కువగా కనబడుటచేత కర్రపెండలము మీద చిరకాలము నింద మోపిరి. హబ్సిగూడలోని సి.సి.ఎం.బి. యను కణ, అణుజీవశాస్త్ర కేంద్రమున జి. ఆర్. చాందక్ మొదలగువారు రోగుల జన్యువులను చదివి 2002లో చెప్పిన దేమనగా, ట్రిప్సిన్ అను జీర్ణరసము గ్రంథిలోపలనే మేల్కొని గ్రంథినే అరగించివేయకుండ కాపలా కాయు ఎస్‌పింక్1 జన్యువులో మార్పు ఈ రోగులయందు గణనీయముగా కనబడుచున్నదని. పాశ్చాత్య కుటుంబములలో దోషిగా దొరికిన ట్రిప్సినోజన్ జన్యువు ఇచ్చట దోషి కాదని. ఆ పత్రమున ఆరు పేర్లు: మొదట చాందక్, మూడవది నాగేశ్వరరెడ్డి, తుదిని అప్పటి డైరెక్టరు లాల్జీ సింగ్. రోగిని చూచినవాడు నడుమ; ప్రశ్నను చేతులతో పట్టినవాడు ముందు; ఇల్లు నడుపువాడు చివర. తార్నాకలో 1976 నాటికే ఏర్పడిన వరుసయే హబ్సిగూడలోను కనబడుట కాకతాళీయ మనుకొన్నను నాకు అభ్యంతరము లేదు. మంచి యలవాట్లు రెండు చోట్ల వేర్వేరుగా కూడ పుట్టవచ్చును.

అంతటితో ఆ ప్రశ్న ముగియలేదు. ఎస్‌పింక్1లో అదే మార్పు ఏ నొప్పియు లేక తిరుగుచున్న వారి యందును కొందరిలో కలదు. 2013లో సీపీఏ1 అను మరియొక జన్యువును పట్టిన పత్రము వెలువడినది. జర్మనీ, ఫ్రాన్సు, జపాను, భారతదేశముల ప్రయోగశాలలు కలిసి చేసిన పని యది. దాని పేర్ల వరుస ఒక పేరా యంత పొడవు. చాందక్ పేరు అందులో ఐదవది. కర్రపెండలము మీది నింద పూర్తిగా తొలగినదా, ఒకే తల్లి బిడ్డలలో ఒకరికి మధుమేహము ముందుగా వచ్చి మరొకరికి రాకుండుట కేమి కారణము, ప్రేగులలోని సూక్ష్మజీవులకు ఇందులో పాత్ర యెంత - ఈ లెక్కలు ఇంకను తేలవలసి యున్నవి. తేల్చుటకు కూర్చున్నవారిలో ఇరువదియైదేండ్లు దాటని వారు చాల మంది.